ఆట పోయినా జట్టు ఉండాలంటే
(యువజన సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశం గురించి ఊళ్లలో చెప్పినప్పుడు కొందరు పెద్దలు మమ్మల్ని నిలదీశారు. "సంస్కృతి సంఘానికి ఫోన్ ఆటలతో ఏం పని బాబూ?" అన్నారు. అడగవలసిన మాటే. మన గుంటలు ఎక్కడ గుమిగూడితే సంఘం అక్కడికి వెళ్లాలి కదా. ఒకప్పుడు సంతలో కలిసేవారు, పండుగనాడు తుడుం మోగిన చోట కలిసేవారు. ఇప్పుడు పొద్దుగూకేసరికి సిగ్నల్ దొరికే గట్టు మీద నలుగురు కూర్చుంటున్నారు. విశాఖలో షిఫ్టు దిగినవాడు తన గదిలోంచి వాళ్లతో కలుస్తున్నాడు. హైదరాబాదులో భవనాల పనికి వెళ్లినవాడూ కలుస్తున్నాడు. ఊరు వదిలి రెండేళ్లయినా ఊరి కుర్రాళ్లతో రోజూ మాట్లాడుతున్నాడంటే అది ఆ ఆట పుణ్యమే. దాన్ని ఫ్రీ ఫైర్‌లో గిల్డ్ అంటారు, బీజీఎంఐలో క్లాన్ అంటారు. మనకు రెండూ జట్టే.

ఆ జట్టుకు ఇంటర్నెట్‌లో సొంత చోటు ఒకటి కట్టుకుందామని మీరే అన్నారు. అందులో ఏమేం ఉండాలో రాసి పంపమంటే చాలామంది పంపారు. ఎక్కువమంది రాసింది లోగో గురించి. తర్వాత రంగుల గురించి. పులి బొమ్మ కావాలని కొందరు, విల్లంబులు కావాలని కొందరు. అది మీరూ మీరూ తేల్చుకోండి, మేము అడ్డురాము. మన సవర గోడ బొమ్మల్లో గీతలతో వేసే మనుషులు, చెట్లు, నెమళ్లు ఉన్నాయి కదా, అవి చూసి ఆలోచించండి అని మాత్రం అంటాం. మేము మాట్లాడదలచింది ఎవరూ రాయని సంగతుల గురించి.

ముందుగా కొన్ని తేదీలు గుర్తు చేస్తాం. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్జీ మొబైల్ ఒకటి. అక్టోబరు 30తో ఇక్కడ దాని సర్వర్లు ఆగిపోయాయి. 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది. 2022 ఫిబ్రవరి 14న మరో 54 యాప్‌లు పోయాయి, వాటిలో ఫ్రీ ఫైర్ ఉంది. మ్యాక్స్ మిగిలింది. అదే ఏడాది జూలై 28న బీజీఎంఐని కూడా స్టోర్ల నుంచి తీసేశారు. 2023 మేలో మళ్లీ వచ్చింది. మూడేళ్లలో ఇన్ని మార్పులు. ఆ నిర్ణయాలు మంచివా చెడ్డవా అన్న చర్చ ఇక్కడ వద్దు. మనం చూడవలసింది ఒకటే. ఆటలో ఉన్న సభ్యుల పట్టిక, ఎవరు ఎవరితో ఆడారన్న లెక్క, మాటామంతీ, ఏవీ మన చేతిలో లేవు. కంపెనీ తలుపు మూస్తే లోపలివి లోపలే ఉండిపోతాయి. కాబట్టి మన చోటు ఏ ఒక్క ఆట పేరు మీదా ఉండకూడదు. జట్టు పేరు మీద ఉండాలి. రేపు ఇంకో ఆట వచ్చినా, అసలు ఆటే మానేసి వాలీబాల్‌కు దిగినా అదే పట్టిక పనికి రావాలి.

ఇక ఆ పట్టిక సంగతి. పేరు, ఊరు, తెగ, ఫోను నంబరు, ఫొటో, పుట్టిన తేదీ, ఆటలో పేరు అని ఒక తమ్ముడు చక్కగా గడులు గీసి పంపాడు. శ్రద్ధ మెచ్చుకోవాలి. కానీ అందులో సగం గడులు కొట్టేయమని మా మాట. ఆటలో పేరు ఉంటే చాలు, ఇష్టమైతే మండలం పేరు రాయండి. సీతంపేట అని, గుమ్మలక్ష్మీపురం అని, మెళియాపుట్టి అని. ఊరు పేరు వద్దు. ఎందుకంటే మన ఊళ్లు ముప్పై నలభై గడపలవి. "ఫలానా గూడ, ఇంటర్ చదివే అమ్మాయి" అని రాస్తే ఇంటికి దారి చూపించినట్టే. ఆడపిల్లల నంబర్లు, ఫొటోలు అందరికీ కనిపించే చోట ఒక్కటి కూడా ఉండకూడదు. ఇది మేము బతిమాలి చెప్పడం లేదు, సంఘం పెట్టే షరతుగా చెబుతున్నాం. చెల్లెళ్లు అబ్బాయిల పేర్లతో ఆడుతున్నారని మాకు తెలుసు. ఎందుకు ఆడుతున్నారో కూడా తెలుసు. వాళ్లు తమ పేరుతో ఆడగలిగిన రోజున ఆ జట్టును జట్టు అనొచ్చు.

పద్దెనిమిది నిండనివారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం చెబుతోంది. మన సభ్యుల్లో సగం మంది ఆశ్రమ పాఠశాలల పిల్లలే. వాళ్ల అమ్మానాన్నలకు ఫారం ఇచ్చి వేలిముద్ర వేయించుకుంటే అనుమతి అయిపోయిందనుకోకండి. ఇంటికి వెళ్లి, వాళ్ల భాషలో, ఏం రాసుకుంటున్నామో, ఎందుకో చెప్పాలి. వేలిముద్ర వేయించుకుని మన భూములు రాయించుకున్నవాళ్ల కథలు ఈ కొండల్లో ఎవరికి తెలియవు? ఆ పద్ధతిని మనవాళ్ల మీద మనమే వాడవద్దు.

డబ్బు దగ్గరికి వద్దాం. అసలు తగువంతా ఇక్కడే వస్తుంది.

మీలో కొందరు యాభై, వంద చొప్పున వేసుకుని రూమ్ మ్యాచ్‌లు పెడుతున్నారు. గెలిచిన స్క్వాడ్‌కు ఆ సొమ్ము. ఇది పందెం కాదు, నైపుణ్యం అని వాదిస్తారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆ వాదనను ఒప్పుకోదు. డబ్బు కట్టి, డబ్బు గెలుస్తామన్న ఆశతో ఆడేది డబ్బు ఆటే, నైపుణ్యమైనా అదృష్టమైనా ఒకటే. ఆడినవాడికి శిక్ష లేదు గానీ, ఆడించినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. గుర్తింపు పొందిన ఈ-స్పోర్ట్స్ పోటీల సంగతి వేరు, వాటిని ఆ చట్టమే ప్రోత్సహిస్తుంది. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించారు. కనుక మన చోటులో "ఎంట్రీ ఫీజు" అన్న గడే ఉండకూడదు. ఎవరైనా పెద్దమనిషి కప్పు ఇస్తానంటే తీసుకోండి. కుర్రాళ్ల జేబులోంచి తీసిన డబ్బును కుర్రాళ్లకే బహుమతిగా పంచే పని వద్దు. జీడిపిక్కలు ఏరితే వచ్చిన కూలి ఒక్క రాత్రిలో పోయిందని చెప్పలేక ఇంటికి వెళ్లని పిల్లాడు ప్రతి మండలంలో ఒకడైనా ఉంటాడు.

అలాగని జట్టుకు ఖర్చే ఉండదా? ఉంటుంది. రీఛార్జి లేని తమ్ముడికి వేయాలి. చోటుకు ఏడాదికోసారి అద్దె కట్టాలి. దీనికి చందా తీసుకోండి, కానీ ప్రతి రూపాయి అందరికీ కనిపించేలా రాయండి. ఎవరిచ్చారు, దేనికయింది, ఎంత మిగిలింది. మూడే గళ్లు. ఫీచర్లలో అన్నిటికంటే ముందు కట్టవలసింది ఇదే అని మా అభిప్రాయం. మిగతావి లేకపోయినా జట్టు నడుస్తుంది, ఇది లేకపోతే ఆరు నెలల్లో విడిపోతుంది.

పంపకాల గొడవ మనకే వచ్చింది కాదు. 1999లో అమెరికాలో ఎవర్‌క్వెస్ట్ అనే ఆట వచ్చింది. డజన్లకొద్దీ ఆటగాళ్లు గంటల తరబడి పోరాడి ఒక డ్రాగన్‌ను పడగొడితే దక్కేవి ఒకటో రెండో వస్తువులు. ఎవరికివ్వాలి? గట్టిగా అరిచినవాడికా, నాయకుడి స్నేహితుడికా? గిల్డులు విడిపోయేవి. అప్పుడు ఒక లెక్క పుట్టింది. పోరుకు వచ్చిన ప్రతివారికీ పాయింట్లు పడతాయి. వస్తువు తీసుకున్నవాడి పాయింట్లు తగ్గుతాయి. డ్రాగన్ కిల్ పాయింట్లు అన్నారు దాన్ని, డీకేపీ అని పిలుస్తారు. తర్వాత వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోనూ చాలా గిల్డులు అదే వాడాయి.

ఈ సంగతి చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది. వేటనుంచి వచ్చాక మన పెద్దలు పోగులు పెట్టేవారు కదా! బాణం తగిలించినవాడికి ఒక పోగు, తోలుకొచ్చినవాళ్లకు పోగులు, ముసలివాళ్లున్న ఇంటికి ఒకటి. వేటకు రాలేని ముసలమ్మకు డీకేపీలో సున్నా. మన పోగుల్లో ఆమెకూ వాటా ఉంది. కనుక పాయింట్ల లెక్క పెట్టుకోండి, కానీ సిగ్నల్ లేని గూడల వాళ్లకూ పరీక్షల నెలలో రాలేని వాళ్లకూ ఒక పోగు తీసి ఉంచే నియమం కూడా అందులో రాయండి. ఆ నియమం అమెరికా గిల్డుల దగ్గర దొరకదు, మనమే రాసుకోవాలి.

సిగ్నల్ మాట వచ్చింది గనుక. పెద్ద ఫొటోలు, కదిలే బొమ్మలు, తెరవగానే పాట, ఇవేవీ వద్దు. సిగ్నల్ ఒక్క గీతే ఉన్న ఫోనులో కూడా తెరుచుకోవాలి. అక్షరాలు, చిన్న గొంతు సందేశాలు, అంతే. గొంతు సందేశం ఎందుకంటే రాయడం కంటే మాట్లాడడం సులువైన సభ్యులు మనలో చాలామంది. పైగా అందులో మన భాష దానంతటదే వస్తుంది. సవర మాట్లాడేవాడు తెలుగులో టైపు చేయాలంటే నాలుగు మాటల్లో ఆపేస్తాడు, గొంతు అయితే కథ చెబుతాడు. మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. తెలుగు లిపిలో సవర రాసేవారూ ఉన్నారు. రెండూ ఉండనివ్వండి, లిపి మీద జట్టు చీలవద్దు. మన జిల్లాలో పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. అచ్చు యంత్రాల కాలంలో బయటివాడు చేసిన పని అది. ఇప్పుడు ఫోను మీ చేతిలో ఉంది. "ఎడమవైపు", "వెనక్కి రా", "ఆగు" అని ఆటలో అరిచే మాటలు సవరలో, కువిలో ఎలా అంటారో ఒక్కొక్కరు ఒక్కో గొంతు సందేశం పెట్టండి. మన బడులకు పనికొచ్చే సంగతి కూడా అదే.

ఇక్కడొక హెచ్చరిక. అలాస్కాలో కుక్ ఇన్లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే ఆదివాసీ సంస్థ, ఒక కంపెనీతో కలిసి 2014లో "నెవర్ అలోన్" అనే ఆట తయారుచేసింది. ఇన్యూపియాట్ ప్రజల కథ అది. ఏది ఆటలో పెట్టాలో ఆ జాతి పెద్దలతో, కథకులతో కూర్చుని నిర్ణయించారు. మనమూ అంతే చేయాలి. కందికొత్తల పండుగలో ఆట, పాట పెట్టుకోవచ్చు. బూయ్య చేసే పూజను రికార్డు చేసి పెట్టాలంటే ఆయన్ని అడగాలి. వద్దంటే వద్దు, లైకులు ఎన్ని వచ్చేవైనా సరే.

పండుగ మాటతో ఇంకొకటి. మ్యాచ్‌ల క్యాలెండరు వేసేటప్పుడు ముందు పండుగలు, సంత రోజు, పోడు పనుల రోజులు, పరీక్షలు గుర్తు పెట్టండి. మిగిలిన ఖాళీలో ఆట. పద్దెనిమిదిలోపు వారికి రోజుకు 3 గంటలకు మించి ఆట లేదని బీజీఎంఐలోనే పరిమితి ఉంది. మీ క్యాలెండరు అంతకంటే తక్కువ ఉంటే అమ్మలు మిమ్మల్ని మెచ్చుకుంటారు.

తగువుల సంగతి. ఆటలో నాయకుడు ఒక్క నొక్కుతో ఎవరినైనా గెంటేయగలడు. కోపంలో ఉన్న పదిహేడేళ్లవాడి చేతిలో అంత అధికారం మంచిది కాదు. సవరల్లో గొమాంగో ఉన్నాడు, జాతాపుల్లో నాయుడు ఉన్నాడు, కానీ తగువు వచ్చినప్పుడు ఏ ఒక్కడూ ఒంటరిగా తీర్పు చెప్పడు, ఊరు కూర్చుంటుంది, ఇద్దరి మాటా వింటుంది. కాబట్టి నియమం ఇలా ఉండాలి. ఎవరినీ తగువైన రాత్రే తీసేయకూడదు. మూడు రోజులు ఆగాలి. వేర్వేరు మండలాల ముగ్గురు వినాలి, వారిలో ఒక అమ్మాయి ఉండాలి. ఏం తేల్చారో, ఎందుకో రెండు వాక్యాలు రాసి ఉంచాలి. తెగ పేరు పెట్టి తిట్టినవాడి విషయంలో మాత్రం ఆ మూడు రోజులు వాడు ఆటకు దూరంగా ఉండాలి.

చివరిగా తాళంచెవులు. చోటుకు పాస్‌వర్డు ఉంటుంది, ఏడాదికోసారి పేరు రెన్యూ చేయాలి. ఇవి ఒక్కరి దగ్గరే ఉంటే, ఆయన చెన్నైలో పనికి కుదిరిన నెలలోనే చోటు మూతపడుతుంది. ముగ్గురి దగ్గర ఉండాలి. ఒకరు సీతంపేట వైపు, ఒకరు పార్వతీపురం లేదా సాలూరు వైపు, ఒకరు ఊరు వదిలి పట్నంలో పనిచేస్తున్నవారు. ముగ్గురిలో ఎవరైనా మారితే అందరికీ చెప్పి మారాలి. ఖర్చు పుస్తకం కూడా ఈ ముగ్గురి చేతిలోనే కాకుండా నాలుగోవారి దగ్గర ఉండాలి.

టీ తాగాక పేర్లు తీసుకుంటాం. లోగో గొడవ ఇంకా తేలకపోతే దాన్ని పక్కన పెట్టండి. ముగ్గురి పేర్లు, నాలుగోవారి పేరు మాత్రం ఈ రోజే రాసి ఇచ్చి వెళ్లండి.