లైనక్స్ ల్యాప్‌టాప్‌కి పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోతుందా?

ముందు మా ఇంట్లో జరిగిన విషయం చెప్తాను. మా బాబాయి కొడుకు రైల్లో వస్తూ ల్యాప్‌టాప్ బ్యాగ్ పోగొట్టుకున్నాడు. పోలీస్ కంప్లైంట్ ఇచ్చి వచ్చి, "పోతే పోయిందిలే అన్నయ్యా, లోపల ఎవరూ ఏమీ చూడలేరు. లైనక్స్ కదా, పాస్‌వర్డ్ కూడా ఉంది" అన్నాడు.

నేనేం వాదించలేదు. నా పాత ల్యాప్‌టాప్‌కి ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై మోడ్‌లో ఆన్ చేశా. పెన్‌డ్రైవ్ సిస్టమ్‌లో నేనే అడ్మిన్ని కదా! రెండు కమాండ్లు కొట్టేసరికి హార్డ్ డిస్క్‌లోని నా ఫొటోలు, సర్టిఫికెట్లు అన్నీ వచ్చేశాయి. నా పాస్‌వర్డ్ ఒక్కసారి కూడా అడగలేదు. వాడి మొహం మాడిపోయింది. పోయిన ల్యాప్‌టాప్‌లో బాబాయి ఆధార్, పాన్ కార్డు, పిన్ని బ్యాంక్ పాస్‌బుక్ ఫొటో ఉన్నాయి మరి.

లాగిన్ పాస్‌వర్డ్ అంటే వీధి తలుపుకి తాళం వేసి, పెరటి తలుపు తీసి పెట్టినట్టే. మన ఫోన్ల సంగతి వేరు. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్ల నుంచి ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. కంప్యూటర్ కూడా అంతే అనుకుంటాం. కానీ లైనక్స్‌లో చాలావరకు మనమే పెట్టుకోవాలి.

మీకు ఉందో లేదో ఇప్పుడే చూద్దాం. టెర్మినల్ తీసి, అన్నీ చిన్న అక్షరాల్లో ఎల్, ఎస్, బి, ఎల్, కె, స్పేస్, హైఫన్, ఎఫ్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. డిస్క్ భాగాలన్నీ కొమ్మల్లా కనిపిస్తాయి. వాటిలో "క్రిప్టో అండర్‌స్కోర్ లక్స్" అని ఉండి, మీ మెయిన్ సిస్టమ్ దాని కింద ఉంటే మీరు సేఫ్. ఆ మాటే లేకపోతే డిస్క్ ఓపెన్‌గా ఉన్నట్టే. బూట్ భాగం మాత్రం బయట ఉన్నా కంగారు పడొద్దు, అది మామూలే.

మరి లేకపోతే ఏం చేయాలి? ఉన్న డిస్క్‌ని అలాగే మార్చే పద్ధతి ఉంది గానీ, మధ్యలో ఏదైనా తేడా వస్తే డేటా మొత్తం పోవచ్చు. అందుకే ముందు బ్యాకప్ తీసుకుని, అది ఓపెన్ అవుతుందో లేదో చూసుకుని, కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. ఉబుంటు, మింట్ రెండింటిలోనూ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎన్‌క్రిప్ట్ ఆప్షన్ ఉంటుంది. టిక్ పెట్టండి, అంతే. మిగతా పని లక్స్ చూసుకుంటుంది. లక్స్ అంటే లైనక్స్ యూనిఫైడ్ కీ సెటప్.

పాస్‌వర్డ్‌గా ఒకదానికొకటి సంబంధం లేని ఐదారు మాటలు పెట్టండి. పుట్టినరోజు, సినిమా డైలాగ్ వద్దు. ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఇక్కడ "ఫర్గాట్ పాస్‌వర్డ్" ఉండదు, ఓటీపీ రాదు. మర్చిపోతే మీ డేటా మీకు కూడా దొరకదు. అందుకే కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టండి, ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో మాత్రం కాదు. లక్స్ 2లో 32 వరకు కీలు పెట్టుకోవచ్చు, కాబట్టి రెండో పాస్‌వర్డ్ కూడా పెట్టుకోవచ్చు. డిస్క్ మొదట్లో ఉండే హెడర్ పాడైతే సరైన పాస్‌వర్డ్ కొట్టినా తెరుచుకోదు. క్రిప్ట్‌సెటప్‌తో దాని బ్యాకప్ తీసి, అదీ బీరువాలోనే పెట్టండి.

ఇంకో రెండు విషయాలు. స్లీప్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లో తాళంచెవి ర్యామ్‌లోనే ఉంటుంది. ప్రయాణంలో మూత వేసి ఊరుకోకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి. అలాగే బ్యాకప్ తీసిన హార్డ్ డ్రైవ్‌కి కూడా ఎన్‌క్రిప్షన్ పెట్టండి. లేకపోతే ఇంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే.

మా తమ్ముడు ఆ రాత్రంతా కూర్చుని పాస్‌వర్డ్లు మార్చుకున్నాడు. కానీ ఆధార్ ఫొటోని వెనక్కి తెచ్చుకోలేం కదా! మీకు ఆ పరిస్థితి రాకముందే, ఇవాళే ఆ ఒక్క కమాండ్ కొట్టి చూడండి. మళ్లీ కలుద్దాం, బై.