రోగి పరిచర్య: సంఘపు కట్టుబాటు



వినయపిటకం మహావగ్గంలో ఒక ఘట్టమున్నది. అతిసారం సోకిన భిక్షువొకడు తన మలమూత్రాలలోనే పడి ఉన్నాడు. వసతులు చూస్తూ వచ్చిన తథాగతుడు నీళ్లు పోయగా ఆనందుడు అతనిని కడిగాడు. ఇద్దరూ తల వైపు ఒకరు, కాళ్ల వైపు ఒకరు పట్టి మంచంమీద పడుకోబెట్టారు.

దీనిని కరుణకు నిదర్శనంగా తరచు చెప్పుకుంటాం. చరిత్ర చదువుకున్నవాళ్లం గనుక మేము తరువాతి ప్రశ్న దగ్గర ఆగుతాం. తోటి భిక్షువులు అతనిని ఎందుకు పట్టించుకోలేదు? అతడు తమకెన్నడూ ఏ పనీ చేసిపెట్టలేదన్నది వారి సమాధానం. వారు క్రూరులు కారు. ఇచ్చిపుచ్చుకోవడమనే, ఆ విహారమంతా ఒప్పుకున్న విలువను పాటించారు. ఆ విలువే రోగిని ఆ స్థితికి తెచ్చింది.

తథాగతుడు మందలించి ఊరుకోక నియమాన్నే మార్చాడు. ఉపాధ్యాయుడు, శిష్యుడు, సహవాసి ఎవరుంటే వారు పరిచర్య చేయాలి, ఎవరూ లేకుంటే సంఘం చేయాలి, చేయకుంటే దోషం. మంచి పరిచారకునికి ఐదు లక్షణాలు చెప్పాడు. మందు సిద్ధం చేయగలగాలి, పథ్యాపథ్యాలు తెలియాలి, లాభాపేక్షతో కాక మైత్రితో చేయాలి, మలమూత్రాలను, వాంతిని ఎత్తడానికి ఏవగించుకోరాదు, ధమ్మపు మాటతో ధైర్యం చెప్పగలగాలి. మొదటి రెండూ నైపుణ్యాలేనని గమనించండి. మరణించిన భిక్షువు పాత్ర, చీవరాలు పరిచర్య చేసినవారికే ఇవ్వాలన్న నియమమూ అక్కడే ఉన్నది. నర్సును ‘సిస్టర్’ అని పిలిచి, జీతం అడిగినప్పుడు మాత్రం సేవాభావం గుర్తుచేసే యాజమాన్యాలు ఆ భాగం చదవాలి.

నాలుగవ లక్షణం వద్దనే మన దేశానికి చిక్కు. మలం ఎత్తడం ఒక కులం పని అని నమ్మిన సమాజం ఇది. ఆ నమ్మకం వార్డులోకీ వస్తుంది. బెడ్‌పాన్ కోసం డాక్టరు నర్సు వైపు, నర్సు ఆయా వైపు చూస్తే, ఆయా వచ్చేదాకా రోగి తడి పక్కలోనే ఉంటాడు. వీపు ఒరిసి పుండ్లు పడతాయి. దగ్గరున్నవారే అందుకోవాలన్న కట్టుబాటు ఉన్న వార్డులో ఆ ఆలస్యం ఉండదు. అక్కడ ఒక పూట మందు తప్పినా, డ్యూటీ మారేటప్పుడు దాచకుండా తరువాతి నర్సుకు చెప్పగలుగుతారు. తిట్లు తప్పవన్న భయమున్నచోట ఆ మాట పైకి రాదు, నష్టపడేది రోగి.

కర్నూలు ప్రాంతపు ఎర్రగుడిలో అశోకుని రెండవ శిలాశాసనం మనుషులకు, పశువులకు చికిత్స ఏర్పాటును, ఓషధులు తెప్పించి నాటించడాన్ని పేర్కొంటుంది. మందుల మాట రాతికెక్కింది. రోగి పక్కన కూర్చునేవారి మాట కోసం వినయానికే వెళ్లాలి.

మన శాఖలలో నర్సింగు చదివిన, చదువుతున్న ఆడపిల్లలున్నారు. వారిని వేదికమీదికి పిలిచి ఈ ఐదు లక్షణాలపై మాట్లాడించాలి. జబ్బుపడిన సభ్యుని వద్ద రాత్రి ఎవరు కూర్చోవాలో వంతుల పట్టిక మీ శాఖలో ఉన్నదా అని కార్యదర్శులను ఈ సభలోనే అడుగుతున్నాం.