గోడ నేర్పే చిత్రకళ

గోడ మీద బొమ్మ గీసిన పిల్లవానికి మొదట లభించేది చివాట్లు. నాకును లభించినవి. చిన్ననాట మా వీధిలో కొత్తగా సున్నం వేసిన గోడ మీద బొగ్గుతో ఎద్దుబండిని గీసినాను. ఇంటివారు ఫిర్యాదు చేసినారు. మా నాన్నగారు నాచేత ఆ గోడ కడిగించినారు. రెండూ న్యాయమే. కాని, నా బండిచక్రాలు గుండ్రంగా రాక కోడిగ్రుడ్ల వలె ఎందుకు వచ్చినవో చెప్పినవారు లేరు. ఆ పైన చాలకాలం నేను బొమ్మ జోలికి పోలేదు.

ఇట్టి చిక్కునే ఒక మహానగరం మరొక విధంగా పరిష్కరించుకొన్నది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1960ల చివరి సంవత్సరాల నుండి యువకులు కనపడిన గోడ మీదనెల్లా రంగుడబ్బాలతో తమ మారుపేర్లు వ్రాయసాగినారు. దీనిని అరికట్టుటకు మేయర్ విల్సన్ గూడ్ 1984లో ఒక సంస్థను నెలకొల్పినారు. అందులో చేరిన చిత్రకారిణి జేన్ గోల్డెన్ ఆ యువకులతో స్నేహం చేసి, వారి చేతనే కుడ్యచిత్రాలు వేయించినారు. 1996లో ఆ ప్రయత్నం కుడ్యచిత్రాలకే ప్రత్యేకమైన కార్యక్రమంగా రూపొందినది. నేడు ఆ నగరంలో అట్టి చిత్రాలు వేల సంఖ్యలో వెలసినవి.

గోడ ఏమి నేర్పగలదు? మొదటిది ప్రమాణం. కాగితం మీది చిత్రానికి అంగుళపు గళ్ళు గీసి, గోడ మీద అడుగు గళ్ళు గీస్తారు. ఏ గడిలోని రేఖను ఆ గడిలోనికే ఎక్కిస్తారు. పొడవు 12 రెట్లు, వైశాల్యం 144 రెట్లు పెరిగినా ముఖం ముఖంగానే నిలుస్తుంది. చుక్కలు పెట్టి ముగ్గు వేసే మన ఆడపడుచులకు ఈ కిటుకు క్రొత్త కాదు.

రెండవది అక్షరం. గోడవ్రాతకు ప్రాణం అక్షరమే. ముందు అంచుగీత, పిదప లోపలి రంగు, ఆ పిదప నీడ. వెలుగు ఎడమ నుండి వస్తున్నదనుకొంటే ప్రతి అక్షరానికీ నీడ కుడివైపుననే పడవలె; ఒక్కటి తప్పినా కన్ను పట్టుకొంటుంది. మన లిపిలో మరొక పరీక్ష కలదు. “లక్ష్మి” అని వ్రాయబోయే బాలుడు వత్తులకు క్రిందను, గుడికి పైనను ముందుగానే చోటు విడువవలె. ఖాళీ స్థలం కూడా చిత్రంలో భాగమేనని అతనికి అప్పుడు తెలుస్తుంది. మన ఊళ్ళలో గోడల మీద వ్రాసే పెయింటర్లు సుద్ద పూసిన దారాన్ని బిగలాగి కొట్టి, తిన్నని గీత తీయడం మీరు చూచియుందురు. అదియును ఒక పాఠమే.

మూడవది చేతి అదుపు. రంగుడబ్బాను దగ్గరగా పట్టితే గీత సన్నగా, స్ఫుటంగా వస్తుంది. దూరం జరిపితే వెడల్పై మెత్తబడుతుంది. ఒకేచోట నిలిపితే రంగు కారుతుంది. అయితే ఆ ఆవిరి ఊపిరితిత్తులకు హాని. కనుక తగిన ముసుగు లేనిదే పిల్లల చేతికి డబ్బా ఇవ్వరాదు. నేర్చుకొనుటకు సుద్దముక్క, కుంచె చాలును.

అన్నిటికంటె పెద్ద పాఠం అనుమతి. గోడ మరొకరిది; బొమ్మ వీధి అంతటిది. హైదరాబాదులోని మక్తాలో 2016లో కళాకారులు ఇళ్ళ గోడలను చిత్రాలతో నింపినారు. ఆ బొమ్మలను రోజూ చూడవలసినవారు ఆ వీధివారే. గోడ గలవారిని అడిగి, వారి మాట విని, గీసినదానికి బాధ్యత వహించే యువకునికి చాటుగా వ్రాసి పరుగెత్తవలసిన పని లేదు.

నా బండి సంగతి చెప్పి ముగిస్తాను. ఏటవాలుగా చూచినప్పుడు చక్రం కోడిగ్రుడ్డు వలెనే కనిపిస్తుందని పెద్దయిన తరువాత ఒక పుస్తకంలో చదివినాను. నా కన్ను తప్పు చూడలేదు. ఈ ఒక్క మాట ఆనాడు ఎవరైనా చెప్పియుంటే!

మీ ఇంట గోడ పాడయితే పిల్లవానిచేత తప్పక కడిగించండి. కాని, కడిగించే ముందు ఆ బొమ్మను ఒక్క నిమిషం పరికించండి. కడిగిన పిదప ఒక పలకయో, పెరటిగోడలో నాలుగడుగుల చోటో చూపించండి.