డ్రిల్లు పీరియడు నుంచి చలన శాస్త్రం దాకా



మన చిన్నతనంలో బడి టైంటేబిల్లో అందరికీ అలుసైన పీరియడు ఒకటి ఉండేది. లెక్కల మాస్టారికి సిలబస్ వెనకబడితే ఆ పీరియడు తీసుకునేవారు. ఇంగ్లీషు మాస్టారు పరీక్ష పెట్టాలన్నా ఆ పీరియడే. అదే డ్రిల్లు పీరియడు. మెడలో ఈల వేసుకుని వేపచెట్టు కింద నిలబడిన మా డ్రిల్లు మాస్టారు ఏనాడూ కాదనలేదు. కాదనే చనువు ఆయనకు స్టాఫ్ రూములో ఉండేది కాదని పెద్దయ్యాక తెలిసింది. ఆయన చెప్పేది కూడా ఒక చదువేనని మాకు తోచలేదు. తక్కిన మాస్టార్లకూ తోచినట్టు లేదు.

ఇది ఒక్క మా బడి సంగతి కాదు. మనిషి శరీరం కదిలే తీరు గురించిన జ్ఞానం ఒక శాస్త్రమా, లేక చేతనైనవాడు చేసి చూపించే నేర్పు మాత్రమేనా? ఈ ప్రశ్న ప్రపంచంలో పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలను కూడా ఇబ్బంది పెట్టింది. ఆ కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన చెన్నపట్నంలోనే జరిగింది. ఈ పూట దాని గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకుంటాను.

సైదాపేట పేరు తెలుగువారికి కొత్త కాదు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామమూర్తి నాయుడు గారు సైదాపేటలోనే వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి వెళ్ళి విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశారని ఆయన జీవిత కథలు చెబుతాయి. అంతటి బలశాలికి కూడా బలం ఉంటే చాలదు, నేర్పడం నేర్చుకోవాలి అనిపించిందన్నమాట.

ఆ రోజుల్లో చాలా బళ్ళలో డ్రిల్లు నేర్పినవారు పటాలంలో పనిచేసి వచ్చినవారు. వరసలో నిలబెట్టడం, అడుగు కలిపి నడిపించడం, మాట వినని వాణ్ణి శిక్షించడం, అదే వ్యాయామం. 1919లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసుకు వచ్చారు. మరుసటి ఏడాది, అంటే 1920లో, ఆయన వై.ఎం.సి.ఏ. తరఫున వ్యాయామోపాధ్యాయుల శిక్షణాలయం ప్రారంభించారు. ఆసియాలో ఈ తరహా కళాశాలల్లో మొదటిదిగా దానికి పేరు. ఈనాటికీ అది సైదాపేటను ఆనుకుని, నందనంలో నడుస్తోంది. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టుకు మేనేజరు కూడా బక్ గారే. 1943లో ఆయన మద్రాసులోనే కన్నుమూశారు.

బక్ చదువుకున్నది అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టింది అక్కడే. శరీరం, మనసు, ఆత్మ అనే మూడు భుజాల త్రిభుజమే మనిషి అని ఆ సంస్థ వారి భావన. ఒక భుజం కుంగితే త్రిభుజం నిలవదు. కాబట్టి శరీరానికి చెప్పేది శిక్షణ కాదు, విద్య. డ్రిల్లు అనే మాటకూ వ్యాయామ విద్య అనే మాటకూ మధ్య ఉన్న దూరం అదే.

అయితే విద్య అన్నంత మాత్రాన శాస్త్రం అని ఒప్పుకుంటారా? 1963లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పూర్వం అధ్యక్షుడిగా ఉన్న జేమ్స్ కోనంట్ ఉపాధ్యాయ శిక్షణ మీద ఒక పుస్తకం రాస్తూ, వ్యాయామ విద్యలో పై చదువులు అక్కర్లేదన్నంత తీవ్రంగా విమర్శించారు. మరుసటి సంవత్సరమే, 1964లో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్లిన్ హెన్రీ ఒక వ్యాసంలో వేరే వాదన వినిపించారు. ఆటలు ఎలా నేర్పాలి అన్నది వృత్తి. మనిషి ఎలా కదులుతాడు, ఎందుకు కదులుతాడు అన్నది శాస్త్రం. రెండోది ఉద్యోగంతో నిమిత్తం లేకుండా చదవదగిన విషయం అన్నారు ఆయన. ఆ దారినే నడిచి, 1989లో అమెరికన్ వ్యాయామ విద్యా అకాడమీ ఈ శాస్త్రానికి కైనీసియాలజీ అనే పేరును సిఫారసు చేసింది. గ్రీకు భాషలో కైనీసిస్ అంటే కదలిక. మనం చలన శాస్త్రం అనుకోవచ్చు.

హెన్రీ గారిది ఉత్త వాదన కాదు. 1960లో ఆయన, రోజర్స్ అనే సహచరుడు కలిసి ఒక చిన్న ప్రయోగం ప్రకటించారు. సంకేతం అందగానే మీట మీది నుంచి వేలు ఎత్తాలి. మొదట అంతే పని. తర్వాత వేలు ఎత్తి, వేలాడుతున్న బంతిని పట్టుకోవాలి. ఆ తర్వాత ఇంకా చిక్కైన పనులు. మూడింటిలోనూ మొదటి కదలిక ఒకటే, వేలు ఎత్తడం. అయినా చెయ్యవలసిన పని చిక్కైనదయ్యేకొద్దీ వేలు కదలడం మొదలవడానికే ఎక్కువ సమయం పట్టింది. అంటే చెయ్యి కదలక ముందే బుద్ధి ఆ పనికి ఒక పథకం వేసుకుంటోందన్నమాట. ఒళ్ళు వేరు, బుద్ధి వేరు, చదువు బుద్ధికి, ఆట ఒంటికి అని మనం గీసిన గీత సరికాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మరో ఉదాహరణ మన ఇంటి వాకిట్లోనే ఉంది. చెన్నైలో నీటి లారీ వచ్చినప్పుడు 15 లీటర్ల బిందె ఎత్తే ఇల్లాలిని చూడండి. 15 లీటర్లంటే 15 కిలోలు. నడుం వంచి, బిందెను వెన్నెముకకు 40 సెంటీమీటర్ల ముందు పట్టుకుని ఎత్తారనుకోండి. వీపు కండరాలు వెన్నుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరం నుంచే లాగాలి. తులాదండం లెక్క ప్రకారం ఎనిమిది రెట్లు, అంటే ఆ బిందె కోసమే 120 కిలోల బరువుకు సమానమైన బలం కండరాల మీద పడుతుంది. వంగిన ఒంటి బరువు దీనికి అదనం. అదే బిందెను ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, మోకాళ్ళు వంచి లేస్తే ఈ భారం బాగా తగ్గుతుంది. ఇది డ్రిల్లు పీరియడులో పది నిమిషాల పాఠం. ఆ పాఠం లెక్కల పీరియడు కింద పోవడం వల్ల ఎన్ని నడుములు నొచ్చుకున్నాయో!

చెన్నపట్నం ఈ శాస్త్రంలో వెనకబడలేదు. 2004 నాటి చట్టంతో తమిళనాడు ప్రభుత్వం వ్యాయామ విద్యకూ క్రీడలకూ ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయాన్నే ఏర్పాటు చేసింది. క్రికెట్ అభిమానులకు మరో సంగతి గుర్తుండే ఉంటుంది. బౌలరు మోచేయి 15 డిగ్రీలకు మించి చాపితే ఆ బంతి చెల్లదు. పాకిస్తాన్ స్పిన్నర్ సయీద్ అజ్మల్ బౌలింగుకు 2015 జనవరిలో ఆ కొలత తీసింది చెన్నైలోని ఐ.సి.సి. గుర్తింపు పొందిన కేంద్రంలోనే. మార్చుకున్న పద్ధతి నియమాలకు లోబడి ఉందని తేలి ఆయన మళ్ళీ మైదానంలోకి వచ్చారు. ఒక మనిషి బతుకుతెరువు కొన్ని డిగ్రీల కోణం మీద ఆధారపడిందంటే, ఆ కోణాన్ని కొలిచే చదువును చిన్నచూపు చూడగలమా?

అయితే కొలత ఒక్కటే సర్వస్వం కాదు. 1963లో వెంపటి చినసత్యం గారు ఈ నగరంలోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. అక్కడ ఒక బాలిక చెయ్యి పైకెత్తి కృష్ణుణ్ణి పిలుస్తుంది. బస్సు స్టాపులో మరొకాయన అదే చెయ్యి అలాగే ఎత్తి బస్సు ఆపుతాడు. కండరం అదే, కోణం అదే. భావం వేరు. యంత్రం కోణాన్ని చెబుతుంది, భావాన్ని చెప్పలేదు. అందుకే ఈ శాస్త్రానికి ప్రయోగశాలతో పాటు తత్వశాస్త్రం కూడా కావలసి వచ్చింది.

ఇంకో హెచ్చరిక కూడా ఉంది. గౌరవం కోసం ఈ శాస్త్రం జీవశాస్త్రం వైపు ఒకటి, మనస్తత్వశాస్త్రం వైపు ఒకటిగా ముక్కలైంది. హెన్రీ గారు పనిచేసిన బర్క్‌లీ విభాగమే పేరు మార్చుకుని, చివరికి 1990లలో విడి విభాగంగా లేకుండా పోయింది. శాస్త్రం అనిపించుకోవాలని మైదానాన్ని మరిచిపోతే అటు శాస్త్రమూ ఇటు మైదానమూ రెండూ దూరమవుతాయి. బక్ గారి దృష్టి చివరిదాకా బడి పిల్లవాడి మీదే ఉంది. మనం మరిచిపోకూడనిది అదే.

2020 నాటి జాతీయ విద్యా విధానం పాఠ్యాంశాలకూ, పాఠ్యేతర అంశాలకూ మధ్య గోడ ఉండకూడదన్నది. మాట కాగితం మీద ఉంది. అది మీ పిల్లల బడిలోకి రావాలంటే మీరు చెయ్యవలసిన పని ఒకటుంది. ఈసారి బడికి వెళ్ళినప్పుడు మార్కుల సంగతి అడిగాక, ఈ వారం ఆటల పీరియడు ఎన్నిసార్లు జరిగింది అని కూడా అడగండి. వేపచెట్టు కింద నిలబడిన ఆ మాస్టారికి ఒక నమస్కారం పెట్టి, మా పిల్లకు ఏం నేర్పుతున్నారండీ అని అడగండి. ఆయన చెప్పడానికి చాలా ఉంటుంది. అడిగేవారే ఇన్నాళ్ళూ లేకపోయారు.