పన్ను తగ్గింపు – బడి పద్దు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)



ఏటా బడ్జెట్టు వెలువడే రోజులలో బాగేపల్లి వంటి ఊళ్ళలో కూడా రెండు మాటలు వినబడుతుంటాయి. పన్ను తగ్గించారు, మంచిపని చేశారన్నది ఒకటి. బడిలో ఉపాధ్యాయుడు లేడు, ప్రభుత్వం పట్టించుకోదన్నది రెండవది. తరచుగా రెండు మాటలూ ఒకే నోట వెలువడుతాయి. ఈ రెండూ ఒకే ఖాతా పుస్తకంలోని జమ, ఖర్చు అన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాదు. పన్ను తగ్గించేవారు బడి పద్దు ఎట్లా పూడుతుందో చెప్పవలె. బడికి ధనం కోరేవారు ఆ ధనం తరగతి గదిలో ఏమి సాధిస్తుందో చెప్పవలె. ఈ రెండు బాధ్యతలలో ఏది తప్పినా నష్టపడేది పేదవాని బిడ్డయే.

ఈ చర్చ కొత్తది కాదు. 1937లో బ్రిటిషిండియా రాష్ట్రాలలో కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడినప్పుడు మద్యనిషేధం వారి వ్రతం. ఆబ్కారీ పన్ను వారి ఖజానాకు ఆధారం. ఆ పన్ను పోతే బడులు ఎట్లా నడుస్తాయన్న ప్రశ్న వచ్చింది. అంతకు మునుపు 1927లోను, 1936లోను ఈ ప్రాంతపు నందికొండ మీద విశ్రాంతి తీసుకున్న గాంధీజీ దీనికి సూటిగా సమాధానమిచ్చారు. బిడ్డలకు చదువు చెప్పడానికి తండ్రులను తాగించడం అధర్మమన్నారు. బడి తన ఖర్చును పిల్లల చేతిపని ద్వారా తానే సంపాదించుకొనవచ్చునని సూచించారు. ఆ అక్టోబరులో వార్ధా సభలో ఈ ఆలోచన చర్చకు వచ్చినప్పుడు ఆర్థికశాస్త్రవేత్త కె.టి. షా దానిని ప్రశ్నించారు. బడిపిల్లలు చేసిన వస్తువులు బజారుకు వస్తే, వాటితో పోటీపడవలసిన చేతివృత్తులవారి గతి ఏమిటన్నది ఆయన సందేహం. డాక్టరు జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం కూడా పిల్లల శ్రమ దోపిడీ కాకూడదని హెచ్చరించింది.

మద్రాసులో రాజాజీ వేరొక దారి తొక్కారు. 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేశారు. అప్పటికి బాగేపల్లి మైసూరు సంస్థానంలోని కోలారు జిల్లాలో ఉన్నది. చిత్తూరు జిల్లా ఆ కోలారుకు పొరుగే. పోయిన రాబడికి బదులుగా 1939లో మద్రాసు ప్రభుత్వం సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. ఆ పన్నుపై వర్తకులు నిరసన తెలిపినా, ఒక పన్ను పోతే దాని స్థానంలో ఏది వచ్చునో రాజాజీ ప్రజలకు బాహాటంగా చెప్పారు. ఆ నిజాయితీయే గమనింపదగినది.

అర్ధశతాబ్ది తరువాత అదే ప్రశ్న తెలుగునాట మళ్ళీ తలెత్తింది. ఈసారి దానిని లేవదీసినవారు మంత్రులు కారు, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా ఉద్యమపు పాఠాలు చదివిన మహిళలు 1992లో సారాపై తిరగబడ్డారు. వారికి నాయకత్వం వహించిన రోశమ్మ పేరు రాష్ట్రమంతటా మారుమోగింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలుకు వచ్చాయి. కాని పోయిన రాబడికి బదులు ఏదో ముందుగా నిర్ణయించలేదు. 1996లో రెండు రూపాయల కిలోబియ్యం మూడున్నర రూపాయలైనది, విద్యుచ్ఛార్జీలు పెరిగాయి. 1997లో నిషేధం సడలిపోయింది. సారా దుకాణం మూయించిన ఇల్లాలే బియ్యం ధర మోయవలసి వచ్చింది. కర్ణాటకలోను 2007 జూలై 1 నుంచి సారా నిషిద్ధమైనది. ఇతర మద్యంపై ఆబ్కారీ ఆదాయం మాత్రం కొనసాగింది.

ఇక ఇటీవలి సంగతి. 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్టు కొత్త విధానంలో 12 లక్షల రూపాయల దాకా వార్షికాదాయం గలవారికి ఆదాయపు పన్ను లేకుండా చేసింది. ఇందువలన సుమారు లక్షకోట్ల రూపాయల ప్రత్యక్షపన్ను రాబడి తగ్గునని ప్రభుత్వమే ప్రకటించింది. మధ్యతరగతి వారికి ఊరట కలిగిన మాట నిజం. వారు చేసే ఖర్చు వలన వ్యాపారం పెరిగి, కొంత పన్ను తిరిగి వచ్చునన్న వాదంలోను బలమున్నది. అయితే ఆదాయపు పన్ను కేంద్రానిది మాత్రమే కాదు. 15వ ఆర్థికసంఘం లెక్కలో, పంచదగిన పన్ను నూరు రూపాయలలో 41 రూపాయలు రాష్ట్రాలవి; ఆ 41లో కర్ణాటక వంతు సుమారు రూపాయిన్నర. ఈ లెక్కన లక్షకోట్ల తగ్గింపులో కర్ణాటక వదులుకొనేది సుమారు 1,500 కోట్లు. సర్చార్జీ, సెస్సులు మినహాయిస్తే ఇది కొంత తగ్గవచ్చును. ఉపాధ్యాయుల జీతాలలో అధికభాగం చెల్లించేది రాష్ట్రమే కనుక, ఢిల్లీలో తగ్గిన పన్ను పల్లెబడి దాకా నడిచి వస్తుంది.

చదువు పేరున 2004లో 2 శాతం సెస్సు విధించారు. 2007లో మరొక శాతం చేర్చారు. 2018లో ఆరోగ్యాన్ని కూడా కలిపి 4 శాతం చేశారు. రాజ్యాంగపు 270వ అధికరణం ప్రకారం సెస్సు రాష్ట్రాలతో పంచుకొనే రాశిలో చేరదు. ఆ ధనం రాష్ట్రానికి హక్కుగా కాక పథకాల రూపంలో వస్తుంది. హక్కుగా వచ్చిన రూపాయితో రాష్ట్రం తన బడికి కావలసినది చేసుకొనగలదు. పథకంగా వచ్చిన రూపాయికి ముందే షరతులు ఉంటాయి.

బాగేపల్లికి ఈ భేదం ముఖ్యమైనది. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడినా, ఇక్కడి పల్లెలలో ఇంటిభాష తెలుగుగానే ఉన్నది, రాజ్యభాష కన్నడం. 1956లో చేర్చిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సదుపాయం కల్పించవలెనంటున్నది. సదుపాయమనగా అనుమతిపత్రం కాదు. తెలుగు వచ్చిన ఉపాధ్యాయుడు, సకాలంలో అందే పుస్తకం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. ఆ ఇద్దరిలో తెలుగు తెలిసినవారు బదిలీ అయి, ఆ చోటు ఖాళీగా మిగిలితే తెలుగు మాధ్యమం పలక మీది పేరుగానే మిగులుతుంది. 2019-20లో రాష్ట్రం వేయి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టింది. తల్లిదండ్రుల కోరికను కాదనలేము. కాని ఏ మాధ్యమమైనా ఉపాధ్యాయుడు లేక సంస్కరణ లేదు.

ధనమొక్కటే చాలదన్నది కూడా సత్యమే. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన డాక్టరు హెచ్. నరసింహయ్య 1935లో చదువు కోసం బెంగళూరుకు కాలినడకన వెళ్ళారు. తరువాత బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. జీవితమంతా నేషనల్ విద్యాసంస్థలకే అర్పించారు. గౌరిబిదనూరులోను, బాగేపల్లిలోను ఆ సంస్థ కళాశాలలు వెలిశాయి. అటువంటి త్యాగం ఒక కళాశాలను నిలబెట్టగలదు. ప్రతి పల్లెకు ఒక బడిని ఇయ్యగలిగినది మాత్రం పన్నే. 1964-66 నాటి కొఠారీ సంఘం జాతీయాదాయంలో 6 శాతం చదువుకు కేటాయించాలన్నది. 2020 జాతీయ విద్యావిధానం కూడా అదే మాట అన్నది. ఒకే లక్ష్యాన్ని అర్ధశతాబ్దికి పైగా వల్లించవలసి రావడమే దాని స్థితిని తెలుపుతున్నది.

కావున పన్ను తగ్గింపు ప్రకటన వెలువడినపుడు మూడు ప్రశ్నలు వేయవలె. ఊరట ఎవరికి? లోటు ఎవరిపై? బడి పద్దులో ఏ గడి ఖాళీ అవుతుంది? బడికి నిధులు వచ్చినపుడు మరి రెండు ప్రశ్నలు: ఎన్ని ఉపాధ్యాయ స్థానాలు నిండాయి? ఎందరు బిడ్డలు తమ పాఠం తాము చదవగలుగుతున్నారు? 2001 నుంచి కర్ణాటక ప్రభుత్వ పాఠశాలలలో అభివృద్ధి, పర్యవేక్షణ సమితులు ఉన్నాయి. వాటిలో తల్లిదండ్రులే సభ్యులు. ఆ సమితిలోను, గ్రామసభలోను ఈ ప్రశ్నలు వేయడానికి ఆర్థికశాస్త్ర పట్టాలు అక్కరలేదు. దూబగుంట స్త్రీలకు అవి లేవు. వారికి ఉన్నది కొత్తగా నేర్చిన అక్షరం, ఇంటి లెక్క.

డెబ్బదియైదేండ్ల పాఠశాల ఈ లెక్కనే పిల్లలకు నేర్పింది. పెద్దలు దానిని మరువకుందురు గాక. స్వస్తి.