నీరెండలో నల్ల గొర్రెలు

ముందూ వెనకా చూడకుండా పదిమంది వెంట నడిచేవారిని ‘గొర్రెదాటు’ అంటూ ఎగతాళి చేస్తాం. గొర్రెలు పెంచినవారు పుట్టించిన మాట అది కాదేమోనని నాకు అనుమానం. 2001లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు పరీక్షించి చూస్తే, గొర్రె 50 తోటి గొర్రెల ముఖాలను రెండేళ్ళు గుర్తుపెట్టుకోగలదని తేలింది. పెళ్ళిలో పలకరించిన వాళ్ళను మనం మరుసటి నెలలోనే పోల్చుకోలేం కదండీ!

వికారాబాదులో మా పెరట్లో రెండు నల్ల గొర్రెలున్నాయి, పిల్లలు ముచ్చటపడి పెంచుకుంటున్నవి. చలికాలంలో ఒకనాటి పొద్దున, అనంతగిరి మీద మంచు విడి ఎండ హాయిగా కాస్తుంటే, తాండూరు నుంచి నా చిన్ననాటి నేస్తం చిన్నకొడుకుతో రైలు దిగి వచ్చింది. చేతిలో మిఠాయి పొట్లం కాదు, కందిపొట్టు సంచి! తాండూరు కంది పేరు మీరు వినే ఉంటారు. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పప్పు మనకు, పొట్టు పశువులకు.

గొర్రెల్ని చూసి పిల్లవాడికి సంబరం. “చిన్నమ్మా, రాత్రి మిగిలిన బువ్వ పెట్టనా?” అన్నాడు. వద్దన్నాను. నెమరువేసే జంతువుకు గడ్డీ, ఆకూ అరిగే కడుపు ఉంటుంది. అన్నమో, జొన్నలో ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపులో పులుపు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. కందిపొట్టు కూడా కొద్దికొద్దిగా అలవాటు చేయవలసిందే. పశువుల డాక్టరు చెప్పిన వేళకు నట్టల మందూ, టీకాలూ మరువరాదు. ముచ్చటకు పెంచుకునేవారు ముందు తెలుసుకోవలసినవి ఇవి.

ఎండలో చాప వేసుకుని కూర్చున్నాక నేస్తం అసలు సంగతి చెప్పింది. వాళ్ళది గొర్రెల కాపరుల ఇల్లు. మామగారు వదిలిపోయిన నల్లమంద ఇంకా కొంత ఉంది.

“బేరగాళ్ళు నల్లవాటికి ధర కడ్తలేరే. నెల్లూరు పొట్టేలును కలిపితే పిల్లలు బరువొస్తయని పెద్దోడు ఒకటే పట్టు. నువ్వేమంటవ్?”

నెల్లూరు గొర్రె పొడుగుది, మాంసం ఎక్కువ. కాని దాని ఒంటిమీద ఉన్ని ఉండదు. మన దక్కనీ గొర్రె చిన్నదైనా ఏడాదికి రెండుసార్లు ఉన్ని ఇస్తుంది. ఆడవాళ్ళు ఆ ఉన్ని వడికితే, నూలుకు చింతగింజల గంజి పట్టించి మగ్గం మీద నేసేదే గొంగడి. వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పక్క అన్నీ అదే. మంద మొత్తం మార్చేస్తే తరతరానికీ ఉన్ని తగ్గి, చివరకు గొంగడికి నూలే ఉండదు. ఇదంతా చెప్పాను.

“ఉన్నితోటి బువ్వ వస్తదా?” అంది తను.

న్యాయమైన ప్రశ్నే. కత్తిరింపు కూలి కూడా రాని ఇంటికి సంప్రదాయం కాపాడమని చెప్పడం నాకు తగదు. అందుకని ఒక మధ్యేమార్గం చెప్పాను: మంచి ఉన్ని ఉన్న ఆడగొర్రెల్ని ఏరి, ఒక నల్ల పొట్టేలుతో వేరే దొడ్డిలో ఉంచు. తక్కినవాటి సంగతి మీ అబ్బాయి ఇష్టం. మంద సగం మాంసానికి, సగం ఉన్నికి. “వానితోటి మాట్లాడి చూస్త” అంది, ఒప్పుకున్నాననలేదు.

ఆ ఇంట్లో నిర్ణయం వాళ్ళది. కాని దానిలో మనకూ కొంత పాలుంది. నగరంలో మనం ఏటా చలికాలానికి కంబళ్ళు కొంటాం. చేనేత ప్రదర్శనకు వెళ్ళినప్పుడు చేత్తో వడికిన నల్ల గొంగడి ఉందా అని ఒక్కమాట అడగండి. అడిగేవారుంటే నేసేవారుంటారు. నేసేవారుంటే ఉన్నికి ధర పలుకుతుంది. అప్పుడు ఆ తల్లి తన కొడుక్కి చెప్పుకోవడానికి నా మాటకంటే గట్టి మాట దొరుకుతుంది.