కదలిక మారినపుడే తరంగము

టార్చిలైటు తీగలో విద్యుత్తు పారును. ప్రసారకేంద్రపు ఏరియల్‌లోను పారును. మొదటిదానినుండి రేడియో తరంగములు మనకు రావు, రెండవదానినుండి వచ్చును. ఈ భేదమునకు కారణమేమి?

విద్యుత్కణము నిశ్చలముగా నున్నపుడు దానిచుట్టు విద్యుత్ క్షేత్రము మాత్రమే యుండును. శూన్యములో సమవేగముతో తిన్నగా సాగునపుడు అయస్కాంత క్షేత్రము కూడ తోడగును గాని, తరంగము పుట్టదు. వేగమైనను దిశయైనను మారవలెను. ఆ మార్పు, వార్తవలె, సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో వ్యాపించును. వార్త అందినచోట క్షేత్రము క్రొత్త తీరున, అందనిచోట పాత తీరుననే యుండును. ఆ రెంటి నడుమ ఏర్పడు మడతయే తరంగమై సాగిపోవును.

ఇట్టి తరంగము లుండునని మాక్స్‌వెల్ 1865లో గణితముచే చూపెను. హెర్ట్జ్ 1887, 1888 సంవత్సరములలో విద్యుత్ రవ్వలతో వాటిని పుట్టించి నిరూపించెను.

1000 కిలోహెర్ట్జ్ ప్రసారమునకు ఏరియల్‌లోని ఎలక్ట్రాన్లు సెకండునకు 10 లక్షల మారులు ఊగులాడవలెను. టార్చి తీగలోనో ప్రవాహము నిలుకడగా సాగును. ఇంటి దీపపు స్విచ్చి వేసిన క్షణమున ప్రవాహము చటుక్కున మారును; అందుచేతనే మీడియం వేవ్ రేడియోలో ‘టక్కు’మను చప్పుడు వినవచ్చును. మెరుపు మెరసినపుడు వినవచ్చు పెటపెటయు నట్టిదే. ఆ చప్పుళ్లను మనము విసుగుకొనుచు విందుము. కాని హెర్ట్జ్ చూపిన సత్యమే అప్పుడు మన యింట మరల రుజువగుచున్నది.